వద్దన్నది ఎవరు?

పొద్దున ఆరింటికి గుడిసెల ముందు ఒకరు వేపపుల్ల నోట్లో పెడితే ఇరవై మందీ పెట్టేవాళ్లు. ఒకరికి దాహమైతే ఇరవై మందీ కుండ దగ్గరికి నడిచేవాళ్లు. పాలమూరు దిక్కు నుంచి వచ్చిన చంద్రయ్య మేస్త్రి గుంపుకు మనసు ఒక్కటే మరి. ఏం కావాలో అందరికీ తెలిసేది, అది ఎవరిదో ఎందుకో మాత్రం తెలిసేది కాదు. మాదాపూర్ గుట్టలు పగలగొట్టి ఆఫీసులు కడుతున్న ఆ రోజుల్లో దీన్నెవరూ వింతగా చూడలేదు. ఇంజనీరుకైతే మహా సుఖం, ఒకరికి చెబితే చాలు.

ఐదో అంతస్తు స్లాబ్ పోసే రోజు, తట్టలు ఎత్తబోతుంటే ఆ మనసులోకి ఒక మాట వచ్చింది. వద్దు. అంతే, అందరి కాళ్లూ ఆగిపోయాయి.

"ఎవలిది?" అన్నాడు చంద్రయ్య.

ఏ తలపూ ఎవరిదని అడగాల్సిన పని అంతకుముందు పడలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ తడుముకున్నారు. అందరి చూపూ మాత్రం యాదమ్మ మీదికే పోయింది. మొగుడు పోయాక, మూడు నెలల కింద గుంపులో కలిసిన మనిషి కదా, అనుమానానికి అంతకన్నా ఏం కావాలి!

"నీదేనా పిల్లా?" అంది పక్క గుడిసె రుక్కమ్మ.

"తెల్వదక్కా. నాదేనేమో." యాదమ్మకు నిజంగానే తెలియదు. గుంపు పోతే గుడిసె పోతుంది, పనికి పిలిచే మనిషి ఉండడు. ఆ భయం అందరికీ తగిలింది, అయినా అందరూ మేస్త్రి వైపే నిలబడ్డారు. నలుగురితో నారాయణ, గుంపులో గోవింద.

"స్లాబ్ నడుమల ఆగితే అతుకు వడ్తది. నువ్వు పో వదినె" అన్నాడు చంద్రయ్య.

గేటు దాటగానే గుంపు మనసు ఆమెను వదిలేసింది. చాయ్ బండి దగ్గర కూర్చుని, ఆ వద్దు కోసం లోపలంతా వెతుక్కుంది. అది లేదు. చాయ్ తాగాలని మాత్రం ఉంది, అది తనకే ఉంది. ఒక చాయ్ ఇమ్మంది.

పైన రెండో తట్టకే మళ్లీ వద్దు. పంతొమ్మిది మందీ ఆగారు. రుక్కమ్మ మేస్త్రి వైపు చూసింది. అతను అంచు నుంచి కిందికే తొంగి చూస్తున్నాడు.

"మేస్త్రీ, స్లాబ్ కింద సపోర్టు కట్టెలు సక్కగ వెట్టినవా?"

చంద్రయ్య తట్టలన్నీ దింపించాడు. కాసేపటికి మెట్లు దిగి చాయ్ బండి దగ్గరికి వచ్చాడు.

"కట్టెలు తక్కువ వెట్టిన. భయం నాదే, నీది కాదు. తప్పైంది వదినె. అందరు రమ్మంటున్రు, వస్తవా?"

పొద్దుటిదాకా అయితే అందరి రమ్మనడమే ఆమె రావడం. యాదమ్మ చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగింది.

"జర ఆలోచన చేసి చెప్త."

పైన స్లాబు అంచున నిలబడి అందరూ చూస్తున్నారు. ఆమె ఏమనుకుంటుందో ఒక్కరికీ తెలియలేదు.