రత్నమ్మ ఆదివారం

మంచి చెయ్యబోయి జనాన్ని హడలగొట్టి వచ్చినవాళ్ళలో నన్ను మించినవాడు ఈ దీవిలో ఉండడు. ఇంతకాలం ఈ మాట నాలో నేనే అనుకునేవాణ్ణి. ఇప్పుడు రోజ్ హిల్‌లో వరండాలో కూర్చుని, పనీపాటా లేని ముసలివాణ్ణయ్యాక పైకి చెప్పడానికి సిగ్గు పోయింది.

అప్పుడు నేను షెమాన్ గ్రెనియే దగ్గర ఒక పంచదార మిల్లులో ఫిట్టర్ని. పంతొమ్మిది వందల తొమ్మిదో, పదో. మిల్లునీ, దాని చుట్టూ ఉన్న చెరకు తోటల్నీ పాత దొర కుటుంబం దగ్గర ఒక కంపెనీ కొన్న కొత్త. తోటల్లో పనిచేసే మనవాళ్ళు క్యాంపులో, చెరకాకు కప్పిన గుడిసెల్లో ఉండేవారు. మిల్లు పనివాళ్ళకి రాతిగోడల గదులు. రెంటికీ మధ్య దూరం కూతవేటు.

నేను పుట్టింది ఆ క్యాంపులోనే. నాకు మూడేళ్ళప్పుడు అమ్మ పోతే పక్క గుడిసెలో ఉన్న రత్నమ్మ నన్ను పెంచింది. చుట్టం కాదు. మా అమ్మా ఆమే విశాఖపట్నం వైపు నుంచి ఈ దీవికి కూలికి ఒకే ఓడలో వచ్చారు, అంతే. ఓడలో కలిసినవాళ్ళని తోడబుట్టినవాళ్ళ కంటే ఎక్కువగా చూసుకునే రోజులవి. అందుకే నాకు ఆమె పెద్దమ్మ. తను తినేదాంట్లో సగం నాకు పెట్టి, మనవాళ్ళ సాయంత్రపు బడికి, బైట్కాకి, అక్షరాలు నేర్చుకోవడానికి పంపింది. ఆ అక్షరాల పుణ్యాన మిల్లులో చేరాను. చేరాక మూడేళ్ళు ఆమె గుమ్మం తొక్కలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకాన్ని నేను. క్యాంపు నుంచి వచ్చినవాడినని తోటి ఫిట్టర్లకి గుర్తు చెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ ఏడు ఫిబ్రవరిలో గాలివాన వచ్చింది. మిల్లు చిమ్నీ నిలబడింది కానీ క్యాంపులో నలభై గుడిసెల కప్పులు ఎగిరిపోయాయి. రత్నమ్మ జ్వరంతో గోనెపట్టా కప్పుకుని, పైన ఆకాశం తప్ప ఏమీ లేని ఇంట్లో పడుకుంటోందని విన్నాను. విని కూడా వెళ్ళలేదు. ఇన్నాళ్ళ తర్వాత ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి?

దారి చూపించింది మార్సెల్. నాతో పనిచేసే ఫిట్టరు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి క్రియోలువాడు, వెడల్పాటి భుజాలు, నోట్లో ఎప్పుడూ ఏదో పాట. చెరకు ఆడే రోజులు కావు, మిల్లులో మనకి పెద్ద పనేం లేదు, నాలుగు ఆదివారాలు క్యాంపుకి ఇద్దాం అన్నాడు. పదకొండు మందిమి ఒప్పుకున్నాం. కంపెనీ మేనేజరు మెచ్చుకుని చెరకాకు, వెదుళ్ళు, కలబంద నార తాళ్ళు, రెండు బళ్ళు ఇప్పించాడు. ఏ గుడిసెలో ఎవరుంటారో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పెత్తనం నాకొచ్చింది. ఇళ్ళ పట్టీ రాశాను. మొదటి పేరు రత్నమ్మది. ఆమె నెత్తిన కప్పు వేస్తే ఆమె ఎదుట నిలబడగలనని నా ఆశ.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. ఆదివారం తెల్లవారుతుండగానే అందరూ సిద్ధంగా ఉండాలని మిల్లు గంట నేనే కొట్టాను. తాడు పట్టుకుని వేలాడి మరీ, కొండ మారుమోగేలా కొట్టాను.

బళ్ళు తోలుకుని క్యాంపుకి చేరేసరికి జనం అప్పటికే వాకిట్లో ఉన్నారు. ఆడా మగా రెండు వరసల్లో నిలబడి ఉన్నారు, భుజాల మీద పారలు. మాకు సాయం పట్టడానికి వచ్చారనుకుని నా గుండె పొంగిపోయింది. జేబులోంచి పట్టీ తీసి, ఎవరింటి నుంచి మొదలుపెడతామో తెలియాలని గట్టిగా చదివాను.

"రత్నమ్మ."

"ప్రెజాన్," అంది ఒక గొంతు. రత్నమ్మ వరసలోంచి బయటికి వచ్చి ఎడమపక్కకి వెళ్ళి నిలబడింది.

ముత్తయ్య పేరు చదివాను. ఆ ముసలాయనా ప్రెజాన్ అని ఎడమపక్కకి నడిచాడు. అలా ఆరు పేర్లు చదివేశాను. ఏడోది చదవబోతుంటే మార్సెల్ నా మోచెయ్యి పట్టుకుని, వీళ్ళు హాజరు చెబుతున్నారు చిన్నయ్యా అన్నాడు. పట్టీ మడిచి జేబులో పెట్టేశాను.

పాత దొరల కాలంలో ఆదివారం పొద్దున గంట మోగితే కొర్వే అని అర్థం. వారమంతా చేసిన పని కాక, ఆదివారం కూడా ఊరికే వచ్చి గుర్రాలశాల ఊడ్చాలి, బంగళా దారిలో గడ్డి చెక్కాలి. కూలీల మేస్త్రీ, సిర్దారు, పేర్లు చదువుతాడు, వీళ్ళు ప్రెజాన్ అనాలి. పలకనివాడికి ఆ వారం బియ్యంలో కోత. కొర్వే ఆగి ఏడెనిమిదేళ్ళయింది. కానీ కంపెనీ కొత్తది, వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టరని ఎవరు చెప్పగలరు? మిగతా పదిమందికీ తెలియకపోవడంలో తప్పు లేదు. ఆ గంట వింటూ పెరిగినవాణ్ణి, నాకేమయింది? మూడేళ్ళలో నేను మరిచిపోయింది రత్నమ్మ గుమ్మం ఒక్కటే కాదు.

ఇది కొర్వే కాదు, మీ ఇళ్ళు కప్పడానికి వచ్చాం, లోపలికి వెళ్ళండి అని అరిచి చెప్పాను. ఒక్కరూ కదలలేదు. వెనకటికి ఒక సిర్దారు ఇలాగే ఇంటికి పొమ్మని, వెళ్ళినవాళ్ళ పేర్లు రాసుకున్నాడట. ముత్తయ్య ఆ సంగతి నాకు మర్యాదగానే గుర్తుచేశాడు.

నేను రత్నమ్మ దగ్గరికి వెళ్ళాను. మూడేళ్ళలో ఎంత చిక్కిపోయిందో. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. జ్వరంతో ఉన్నావు, నీ ఇంటికే వచ్చాం పెద్దమ్మా, పోయి పడుకో అని బతిమాలాను.

"ఎల్లను బాబూ," అంది. "మీ పెదనాన్న ఒక్క ఆదివారం జొరమొచ్చి ఉండిపోనాడు. బియ్యం కోసీసినారు. మరుసటి ఆదివారం జొరంతోనే ఎల్లినాడు. ఆ పైన ఆదివారం ఆయన లేడు."

రత్నమ్మ పెనిమిటి, మా సన్యాసి పెదనాన్న, నా పసితనంలోనే జ్వరంతో పోయాడని నాకు తెలుసు. ఇది తెలియదు. అన్నేళ్ళు పక్కలో పడుకోబెట్టుకుని కథలు చెప్పిన మనిషి ఇది మాత్రం చెప్పలేదు. నేను ఏదో అనేలోపే ఆమె బంగళా దారి వైపు నడక సాగించింది. వరసలు రెండూ ఆమె వెనక కదిలాయి.

మొదట రత్నమ్మ ఇల్లు కప్పమని మార్సెల్‌కి చెప్పి, బండిలో ఉన్న పార తీసుకుని నేనూ వెళ్ళాను. ఆమె పక్కనే నిలబడి గడ్డి చెక్కడం మొదలుపెట్టాను. అరగంటకే అరచేతులు బొబ్బలెక్కాయి. ఆమె నా వైపు చూసి, వచ్చి పార మీద నా చేతిని ఒక జానెడు కిందికి జరిపి మళ్ళీ తన పనికి పోయింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు చెయ్యి ఎలా జరిపిందో అలాగే. ఆ పూట నేను పడ్డ సిగ్గూ, ఆనందమూ మళ్ళీ నా జన్మలో పడలేదు.

పొద్దెక్కింది. సిర్దారు రాలేదు. ఎవరూ పని కొలవలేదు. ఒక్కొక్కరే పారలు దించి, మొహాలు చూసుకుని, ఇంటిదారి పట్టారు. రత్నమ్మ మాత్రం తన వంతు ఆఖరి గడ్డిపరక దాకా చెక్కి గానీ నడుమెత్తలేదు.

మేం తిరిగి వచ్చేసరికి మార్సెల్ ఆమె ఇంటి నడికొప్పు మీద కాళ్ళు బారజాపి కూర్చుని, కలబంద తాడుతో చెరకాకు బిగిస్తూ పాడుకుంటున్నాడు. ఒకవైపు వాలు పూర్తయింది. తడి ఆరని చెరకాకు వాసన వాకిలంతా కమ్ముకుంది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి.

రత్నమ్మ తలెత్తి చూసింది. తర్వాత మార్సెల్‌ని వాళ్ళ భాషలో, క్రియోలులో, అడిగింది, నువ్వు ఈ రోజు రాకపోతే కంపెనీ నీకేం కోస్తుంది అని. మార్సెల్ పైనుంచి నవ్వి, ఏమీ కొయ్యదు, హాయిగా మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాణ్ణి అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "తొంగోవచ్చా?"

"పడుకోవచ్చు పెద్దమ్మా."

"మరెందుకొచ్చినాడు?"

మార్సెల్ సంగతి నాకేం తెలుసు. నా సంగతి చెప్పాను. మూడేళ్ళు రాలేదు, సిగ్గుపడి రాలేదు, ఈ కప్పు సాకుతోనైనా నీ దగ్గరికి రావాలని వచ్చాను, వచ్చి గంట కొట్టి నిన్ను జ్వరంలో నిలబెట్టాను అన్నాను. ఏడ్చాను కూడా. పాతికేళ్ళ ఫిట్టర్ని, కంపెనీ చొక్కా తొడుక్కుని అందరి ముందూ ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. నా చేతులు తిప్పి చూసి, లోపల సీసాలో మిగిలిన కొబ్బరినూనె తెచ్చి బొబ్బలకి రాసింది. కప్పేవాళ్ళకి ఇంటివాళ్ళు అన్నం పెట్టకపోతే ఆ కప్పు నిలవదని, జ్వరంతోనే పొయ్యి రాజేసి, పక్కిళ్ళ బియ్యం కలిపి పదకొండు మందికీ మునగాకు వేపుడుతో వడ్డించింది. మార్సెల్ మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు.

తర్వాతి ఆదివారం నేను గంట జోలికి పోలేదు. ముందురోజే ఒక్కొక్క గుమ్మానికీ వెళ్ళి చెప్పి వచ్చాను; మొదట ముత్తయ్య ఇంటితో మొదలుపెడదామనుకున్నాం. మేం చేరేసరికి ఆ వాకిట్లో రత్నమ్మ చెరకాకు కుప్ప ముందు గొంతుక్కూర్చుని, ఆకులు దులిపి కట్టలు కడుతోంది. ఆమెకి జ్వరం దిగి మూడు రోజులు కాలేదు. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ ఎవరు రమ్మన్నారు, ఎవరు పిలిచారు, ఇంత చెప్పినా నీకు భయం పోలేదా అని గట్టిగానే కేకలేశాను.

ఆమె కట్ట ముడి బిగించి, పక్కన పెట్టి, అప్పుడు తలెత్తింది.

"ఈ ఆదివారం నాదిరా," అంది. "నాకిట్టమొచ్చినోళ్ళకి ఇత్తాను."

నేను ఆమె పక్కన కూర్చుని కట్టలు కట్టాను.