బెన్హర్ మాస్టారి బాధ్యతాయుతమైన పందేలు

శ్రీకాకుళంలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో వ్యాయామం నేర్పే బెన్హర్ మాస్టారికి జూదమంటే ఒళ్ళుమంట. పేకాడేవాళ్ళు ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. కోడిపందేల మాటెత్తితే "బుర్ర లేనోళ్ళ పనిరా అది" అనేవాడు. అతను ఆడేది జూదం కాదు, క్రికెట్ మీద పందెం. ఒకప్పుడు జిల్లా జట్టుకి మీడియం పేస్ బంతులు వేసిన మనిషి. టీవీలో పిచ్ చూసి బంతి ఎటు తిరుగుతుందో చెప్పేస్తాడు. అంత జ్ఞానం ఊరికే పోకూడదని మూడేళ్ళ కిందట ఫోన్లో ఒక ఆప్ పెట్టుకున్నాడు.

ఆ ఆప్ తెరిచినప్పుడల్లా 'బాధ్యతగా ఆడండి' అని కనబడేది. దొంగతనానికి బయల్దేరినవాడికి 'గోడ జాగ్రత్తగా దూకు నాయనా' అని చెప్పినంత మర్యాదగా ఉంటుందది. బెన్హర్‌కి ఆ మాట తెగ నచ్చింది. వెంటనే తనకు తానే నాలుగు నియమాలు పెట్టుకున్నాడు. నెలకు వెయ్యి దాటకూడదు. తెలిసిన ఆట మీదే వేయాలి. పోయిన డబ్బు వెంట పరిగెత్తకూడదు. ఆదివారం ముట్టుకోకూడదు, ఎందుకంటే బాప్టిస్టు చర్చిలో అతను సంఘ పెద్దల్లో ఒకడు.

నియమాలన్నిటినీ తుచ తప్పకుండా పాటించాడు. అవసరాన్ని బట్టి కాస్త సవరించాడంతే. నెలకు వెయ్యి కాస్తా వారానికయింది, తర్వాత మ్యాచ్‌కయింది. కందిపప్పు ధర మాత్రం ఆగిందా? క్రికెట్ లేని రోజుల్లో కబడ్డీ తెలిసిన ఆటే, కబడ్డీ లేకపోతే టెన్నిస్. చివరికి ఒక మంగళవారం, బడి ప్రార్థన అయిన పది నిమిషాలకి, ఏ దేశంలోదో తెలియని ఊళ్ళో ఇద్దరు అమ్మాయిలు ఆడుతున్న టేబుల్ టెన్నిస్ మీద రెండు వేలు పెట్టాడు. తను పందెం కాసిన అమ్మాయి పేరు పలకడం కూడా రాదు. ఎడమచేతి వాటం కదా, గెలుస్తుందనుకున్నాడు. ఆ పిల్ల ఓడిపోయింది. క్రీడాస్ఫూర్తి గురించి రోజూ పాఠం చెప్పే మాస్టారు, పిల్లల మరుగుదొడ్ల వెనక నిలబడి ఆమెను వంశంతో సహా తిట్టాడు.

ఆదివారం సంగతికి కూడా దారి దొరికింది. ఆప్ నడిపేవాళ్ళు ఎక్కడో సముద్రం అవతల ద్వీపంలో ఉంటారని విన్నాడు. మనకి ఆదివారం తెల్లవారినా అక్కడింకా శనివారమేనట. కాబట్టి ఆరాధనకి వెళ్ళేలోపు వేసేస్తే అది శనివారం పందెమే. ఇక పోయిన డబ్బంటారా, దాని వెంట అతను పరిగెత్తలేదు. తిరిగి పిలుచుకు రావడానికి వెళ్ళాడు.

అలా వెళ్ళినప్పుడే మోటారు సైకిల్ కూడా పోయింది. విజయనగరంలో అమ్మేసి వచ్చి, భార్య లీలారాణితో ఇంజిన్ పాడైందన్నాడు. ఆమె అదే స్కూల్లో తెలుగు టీచరు.

"సాలూరులో లక్ష్ముడి షెడ్డులో ఎట్టాను. పార్ట్ సెన్నై నుంచి రావాల."

"శ్రీకాకుళంలో మెకానిక్కులే లేరా?"

"ఇంజిన్ పనికి సాలూరోళ్ళేనే. లారీలు బాగుసేసిన సేతులు."

లీలారాణి పిన్ని గ్లోరీ ఉండేది సాలూరులోనే. అబద్ధమాడే తొందరలో ఆ ముక్క మరిచిపోయాడు.

రెండు నెలలు గడిచాయి. పార్ట్ ఇంకా చెన్నై నుంచి వస్తూనే ఉంది. ఈలోగా బడుల్లో బెట్టింగు మీద అవగాహన సభలు పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆసుపత్రి నుంచి రావలసిన కౌన్సెలర్‌కి వేరే పని పడి, పది ప్రశ్నలున్న కాగితం పంపింది. హెడ్మాస్టర్ నరసింగరావు దాన్ని బెన్హర్ చేతిలో పెట్టి "ఆటల మనిషివి, నువ్వే సదివీ" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం సభ. పిల్లలు, తల్లిదండ్రులు, సిబ్బంది అందరికీ ఆ కాగితం నకళ్ళు పంచారు. బెన్హర్ గొంతు సవరించుకుని, జూదం వల్ల కూలిపోయిన సంసారాల గురించి పావుగంట మాట్లాడాడు. ఎంత బాగా మాట్లాడాడంటే తనకే కళ్ళు చెమర్చాయి. తర్వాత ప్రశ్నలు మొదలెట్టాడు.

"ఆట లేనప్పుడు కూడా మీ ధ్యాసంతా పందెం మీదే ఉంటోందా?"

ముందు వరసలో కూర్చున్న లీలారాణి చిటికెన వేలు ముడిచింది.

"మునుపటి హుషారు రావాలంటే ఇంకా ఎక్కువ డబ్బు పెట్టాల్సి వస్తోందా?"

ఉంగరం వేలు ముడిచింది. మానేద్దామని మానలేకపోయారా, ఆడకపోతే ఇంట్లో వాళ్ళని కసురుకుంటున్నారా, పోయింది రాబట్టాలని మర్నాడే మళ్ళీ దిగారా అని వరసగా చదివేసరికి ఆమె ఎడమచెయ్యి పిడికిలైంది. ఆరో ప్రశ్న అబద్ధాల గురించి. దానికి కుడిచెయ్యి మొదలెట్టింది. బెన్హర్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఏడో ప్రశ్న మీద కన్నుపడగానే గబగబా ఎనిమిదికి దూకాడు.

"సారూ, ఏడోది ఒగ్గీసినారు." అరిచింది బడి ఆయా తవిటమ్మ. నలభై ఏళ్ళు దాటాక వయోజన తరగతుల్లో చదువు నేర్చిందేమో, దొరికిన కాగితం ఏదైనా చివరికంటా చదవనిదే వదలదు.

"అచ్చు సరిగ్గా పడలేదమ్మా."

"నా కాయితం మీద బాగానే ఉన్నాది సారూ. నాను సదివీమంతారేటి?"

అడిగిందే గాని జవాబు కోసం ఆగలేదు. లేచి నిలబడి కూడబలుక్కుంటూ చదివింది. "ఇంట్లో... వాళ్ళకి... చెప్పకుండా... వస్తువులు... అమ్మారా?"

లీలారాణి ఏడో వేలు ముడిచి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. మిగతా మూడు ప్రశ్నలూ అయ్యాక కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది. అది చదవక తప్పలేదు. "వీటిలో నాలుగు అవునన్నా వైద్య సహాయం తీసుకోండి." చప్పట్లు మోగాయి. "అనుభవం ఉన్నోడిలా సెప్పావయ్యా!" అని హెడ్మాస్టర్ భుజం తట్టాడు.

బండి లేదు కాబట్టి మొగుడూ పెళ్ళాలు నడిచే ఇంటికి బయల్దేరారు. నాగావళి వంతెన మీదకి వచ్చాక ఆమె నోరు విప్పింది.

"ఏడు."

"ఏడేటి?"

"నాలుగొస్తే డాక్టరన్నారు కదా. మీకు ఏడు."

"అది తాగుబోతుల్లాంటోళ్ళకే. నాను కొంచెం నష్టంలో ఉన్నాను, అంతే. రెండు మంచి మ్యాచులు పడితే..."

"మా గ్లోరీ పిన్ని సాలూరంతా షెడ్డు షెడ్డూ తిరిగింది. లక్ష్ముడున్నాడంట. మీ బండే లేదంట." కోపం వస్తే తెలుగు టీచరు పుస్తకాల తెలుగు వదిలేస్తుంది. "పెళ్ళికి మా నాన్న ఇచ్చిన బండి కూడా కాదది. మీరు కష్టపడి కొనుక్కున్నది. ఎవుల్ని మోసం సేసారు?"

బెన్హర్ వంతెన గోడ పట్టుకున్నాడు. "సరే లీలా. నెల్రోజులు ఆప్ ముట్టుకోను. ముట్టుకున్నానంటే నువ్వు సెప్పినంత ఇస్తాను. పందెం!"

లీలారాణికి ముందు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆగలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఎప్పుడు ఏడుపైందో బెన్హర్‌కి తెలియలేదు. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే ఎవరో అన్నట్టు వినబడింది. పక్కనుంచి ఆటోలు పోతున్నాయి. ఆ జనంలో భార్య ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచక, ఆమె సంచీ తీసుకుని పట్టుకున్నాడు.

సోమవారం ఆసుపత్రికి వెళ్ళారు. కౌన్సెలర్ విశాలికి ముప్ఫయ్యేళ్ళు కూడా ఉండవు. ఎంత పెడుతుంటారని అడిగింది.

"నెలకి మూడు వేలు" అన్నాడు. లీలారాణి దగ్గింది. "వారానికి" అన్నాడు. మళ్ళీ దగ్గింది. "మ్యాచ్‌కండీ" అని తల దించుకున్నాడు.

"మీ బడి పిల్లల్లో ఎవరికైనా చీలమండ బెణికితే పరిగెత్తమంటారా మాస్టారూ?"

"కూకోబెడతాను."

"మీరూ కూర్చోండి" అంది విశాలి.

జీతం లీలారాణి ఖాతాలోకి మారింది. చేతిలోకి మీటల ఫోను వచ్చింది. ప్రతి గురువారం ఆసుపత్రికి వెళ్ళాలి. చర్చిలో తనే లేచి తప్పు ఒప్పుకుని, పెద్దరికం దిగిపోయాడు. సంఘమంతా కన్నీళ్ళతో ప్రార్థన చేసింది. ప్రార్థన చేసినవాళ్ళలో ఇద్దరు తర్వాత విడిగా వచ్చి "అయితే ఆ ఆప్ పేరేటి మాస్టారూ?" అని అడిగారు.

ఆప్ కూడా అతన్ని మరిచిపోలేదు. 'బెన్హర్ గారూ, కనబడటం లేదు, కులాసాయేనా? మీకోసం ఐదొందలు కానుక' అని సందేశాలు పంపేది. సొంత అన్నదమ్ములెవరూ అంత ప్రేమగా కుశలం అడిగి ఎరగరు. ఒక్కొక్కటీ రెండుసార్లు చదివిగాని తీసేసేవాడు కాదు.

నాలుగో నెలలో విజయనగరంలో పెళ్ళికి వెళ్ళి, భోజనాల పంక్తి ఆలస్యమైతే, తోడల్లుడు డేవిడ్‌రాజు ఫోను అడిగి తీసుకుని బెన్హర్ ఒక్కటంటే ఒక్క పందెం వేశాడు. తిరుగు బస్సు ఊరు దాటకముందే భార్యకి చెప్పేశాడు. ఆమె కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

"ఎంత?"

"ఐదొందలు."

"పోయాయా?"

"లేదు లీలా, గెలిసాను. అప్పుట్నుంచి బుర్రంతా ఆ పందెమే. అదే భయంగా ఉన్నాది."

అప్పుడు చూసింది అతని వైపు. గురువారం దాకా ఆగకుండా విశాలికి ఫోన్ చెయ్యమని చెప్పి, కండక్టరు వస్తే ఇద్దరికీ టిక్కెట్టు తీసింది.