చెవుల కుడుములు

కుండలో నీళ్లు తెర్లుతున్నాయి. కుడుములు రెండు పళ్లేల నిండా బారులు తీరి ఉన్నాయి. గోడమేకుకు వేలాడాల్సిన చిల్లుల గరిటె మాత్రం లేదు.

ఫెంగ్‌చిన్ ఆ ఉత్త మేకు వంక చూస్తూ నిలబడింది. గరిటె ఎక్కడికి పోయిందో ఒకరు చెప్పనక్కర్లేదు. గడ్డకట్టిన నదిలో చేపల కోసం బొక్క తవ్వాక, అందులో తేలే మంచుగడ్డ ముక్కల్ని తోడి పారేయడానికి ఊళ్లో మగవాళ్లందరికీ ఒక గరిటె కావాలి. అందరూ సంతలో కొనుక్కుంటారు. ఆమె మొగుడు బావ్‌లిన్‌కు మాత్రం పెళ్లాం గరిటె అయితేనే చెయ్యి కుదురుతుంది. కిందటేడు ఒకటి నదిపాలు చేశాడు, అంతకు ముందు ఏడు మరొకటి. అసలే ఇవాళ ఏడాదిలోకెల్లా పొట్టి పగలు. ఇవాళ కుడుములు తినకపోతే చలికి చెవులు రాలిపోతాయని పసిపిల్లలకు కూడా తెలుసు. పట్టుకుపోవడానికి ఈ రోజే దొరికిందా ఈ మనిషికి.

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

"మోగు, మోగు. ఎత్తేవాడుంటేగా" అంది పొయ్యి వైపు తిరిగి.

రెండేళ్లుగా ఇదే వరస. పిలిస్తే పలకడు. ఉప్పు తెమ్మంటే సబ్బు తెస్తాడు. ఏదడిగినా "ఊఁ" అంటాడు, దేనికి ఊఁ కొట్టాడో ఆయనకే తెలియదు. టీవీ పెడితే పక్కింటి గోడ అదురుతుంది. నలభై ఏళ్లు కాపురం చేశాక తన మాట ఇలా గాలికి పోతోందంటే ఆమెకు కడుపు మండేది. తాగొచ్చినా సర్దుకునేదేమో. లెక్కచేయకపోవడమే మింగుడు పడలేదు.

పొయ్యిలోని మొక్కజొన్న దంట్లు వెనక్కి లాగి, తలకు ఉన్ని శాలువా చుట్టుకుని నది వైపు నడిచింది.

రేవు దగ్గర గ్వాన్ పీట వేసుకుని గాలం ఆడిస్తున్నాడు. గడ్డ మీద ఊరి వాళ్లకు పెద్దదిక్కు అతనే. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఇక రాకూడదో అతను చెప్పిందే మాట. నది దూరాన ఉరిమితే భయం లేదు, గడ్డ ఇంకా మందమవుతోందని అర్థం. కాళ్ల కింద చిటచిటమందా, సామాను వదిలేసి పరుగెత్తాలి. అందుకే వినికిడి తగ్గినవాడికి గడ్డ మీద చోటు లేదు. కిందటి చలికాలం ముసలి లీ చేతిలో గునపం తీసేసుకుని ఇంటికి పంపించారు. అప్పట్నుంచి లీ ఇంట్లో, అడుగున పొయ్యి సెగతో వెచ్చగా ఉండే ఇటుక తిన్నె మీద గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నాడు. అన్నానికి కూడా బతిమాలి లేపాల్సి వస్తోందని అతని కోడలు చెబుతుంది.

"వదినా, ఈ చలిలో నువ్వెందుకొచ్చావు?" అన్నాడు గ్వాన్.

"మీ అన్న ఎక్కడ చచ్చాడు?"

"అదుగో, అందరికంటే దూరంగా. అక్కడ అడుగున ఊట ఉంది, గడ్డను నమ్మడానికి లేదు, ఇటు రా అన్నా అంటే ఊఁ అన్నాడు. కదల్లేదు."

"నా మాటకే దిక్కు లేదు, నీ మాట వింటాడా."

జారకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లింది. పీట మీద బావ్‌లిన్ వీపు కనబడింది. పక్కనే, బకెట్ మీద, ఆమె గరిటె.

"ఏమయ్యా."

కదల్లేదు.

"ఏమయ్యా, నిన్నే. నీళ్లు ఇగిరిపోతున్నాయి అక్కడ. ఫోన్ జేబులో పెట్టుకునేది చలి కాచుకోవడానికా?"

వీపు వీపులాగే ఉంది. ఇంకా రెండు అడుగులు వేసి, ఇరుగుపొరుగు ముందు అనకూడని మాట ఒకటి అంది. ఆయన హాయిగా గాలం ఆడిస్తున్నాడు.

అప్పుడే ఎగువ మలుపు దగ్గర నది ఉరిమింది. బండరాళ్లు దొర్లినట్టు ఆ చప్పుడు దిగువకు సాగిపోయింది. గడ్డ మీదున్న మగవాళ్లంతా తలలెత్తి నవ్వుకున్నారు. బావ్‌లిన్ ఎత్తలేదు. కాసేపటికి గాలం మీంచి చూపు తిప్పి, వాళ్ల తలలు పైకుండడం చూసి, అప్పుడు తనూ తలెత్తి, విన్నవాడిలా ఊపాడు.

ఫెంగ్‌చిన్ అక్కడే నిలబడిపోయింది. సబ్బు, ఊఁ, టీవీ, అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు, రెట్టింపయింది. పెళ్లాన్ని పురుగులా చూస్తున్నాడనుకునేలా రెండేళ్లు ఏడిపించాడే తప్ప, చెవులు పోయాయని ఒక్క ముక్క చెప్పలేదు ఈ మనిషి.

చిట్, చిటచిట.

ఆయన పీట కిందే. సన్నగా, నూనెలో ఆవాలు వేసినట్టు. ఆయన చేప తగిలిందని మురుస్తూ దారం లాగుతున్నాడు. ఆమె పరుగెత్తుకెళ్లి కోటు మెడపట్టి పట్టుకుని వెనక్కి ఈడ్చింది. ఆయన వెల్లకిలా పడ్డాడు.

"పిచ్చిగానీ పట్టిందా నీకు?" అని అరిచాడు.

ఆమె ఆపలేదు, ఈడుస్తూనే పోయింది. వాళ్ల కళ్లముందే పీట కిందకు నల్లగా నీళ్లు వచ్చాయి. పీట ఒరిగింది. బకెట్ పోయింది. గరిటె పోయింది.

గ్వాన్, మరో ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. "అన్నా, అంత దూరంలో నాకే వినబడింది. నీకు వినబడలేదా?" అన్నాడు గ్వాన్. మఫ్లర్ ముక్కు దాకా చుట్టుకుని ఉన్నాడు, పెదవులు కనబడటం లేదు. బావ్‌లిన్ ఆ మఫ్లర్ వంక చూశాడు. తర్వాత పెళ్లాం వంక చూశాడు. అంత దీనంగా ఆయన తన వైపు చూడటం ఆమె ఎన్నడూ ఎరగదు.

ఒక్క మాట చాలు. చెబితే ఈ మనిషి ప్రాణంతో ఉంటాడు, గోడ వైపు తిరిగి. చెప్పకపోతే రేపు మళ్లీ ఈ గడ్డ మీదే ఉంటాడు.

"వినబడకేం" అంది. "చేప తగిలితే లేస్తాడా ఈయన? కట్టుకున్నదాన్ని పిలిస్తేనే దిక్కు లేదు, గడ్డ పిలిస్తే పలుకుతాడా?"

మిగతా ఇద్దరూ నవ్వారు. గ్వాన్ నవ్వలేదు. "రేపూ ఇలాగే కూర్చుంటే ఎలా వదినా?"

"రేపు నేనూ వస్తాను. నా పీట నేను తెచ్చుకుంటాను. గరిటెలకు కాపలా ఎవరు కాస్తారు?"

గ్వాన్ చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వుంటే సరే" అన్నాడు. "ఊట దగ్గర మాత్రం వద్దు."

ఇంట్లో ఆమె కుడుముల్ని గిన్నెతో ముంచి తీసింది. సగం చితికిపోయి పంది మాంసం, పుల్లటి క్యాబేజీ నీళ్లపాలయ్యాయి. తిన్నె మీద ఆయనకు ఎదురుగా, పెదవులు కనబడేలా కూర్చుంది.

"ఎన్నాళ్లయింది?"

"కుడిది పోయి చాలా కాలమైంది. ఎడమది ఇంకా కాస్త ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే గడ్డ మీదకు పోనిస్తావా?"

"పోనివ్వను."

"అందుకే." ఆయన తల దించుకున్నాడు. "మొండివాణ్ననుకుంటావులే అనుకున్నా. అది నీకు ఎలాగూ అలవాటే."

ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి, ఒళ్లు కూడా మండింది. గిన్నె నిండా కుడుములు పోసి ఆయన ముందుకు తోసింది. "తిను. ఉన్న ఒక్క చెవైనా రాలిపోకుండా. కొత్త ఏడాది పండగ వెళ్లాక పట్నం పోయి చెవికి మిషన్ పెట్టిస్తా. టోపీ కింద ఎవడికీ కనబడదు."

మర్నాడు రేవు దగ్గర రెండు పీటలు పడ్డాయి. "ఉరిమితే ఒకసారి తడతా" అంది ఆయన మోకాలు చూపించి. "చిటచిటమంటే రెండుసార్లు. రెండు తట్టాక లేవలేదో, వదిలేసి ఇంటికి పోతా."

చేపలు పడలేదు. ఆమె కాళ్లు కొయ్యబారాయి, ముక్కు కారింది, ఇందులో ఏం సుఖముందో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. మధ్యాహ్నం దాటాక ఎగువన నది ఉరిమింది. ఆమె ఒకసారి తట్టింది.

బావ్‌లిన్ గాలం ఆపాడు. "పెద్దగా ఉరిమిందా?" అని మెల్లగా అడిగాడు.

ఆమె కాస్త ఆలోచించి, పిడికిలి బిగించి ఆయన మోకాలి మీద బలంకొద్దీ ఒక్కటి వేసింది.

"అబ్బ" అన్నాడు బావ్‌లిన్, ముఖం నిండా నవ్వుతో.