జాబితా ఏడుగురంది

చాదస్తం అక్క నిచ్చెన మూడో మెట్టెక్కి, దుమ్ము పట్టిన అట్టల మధ్య వేలు పోనిచ్చి ఫైలు నంబరు వెతుకుతోంది. మోకాళ్లు కలుక్కుమంటున్నాయి. ఆస్పత్రి రికార్డు గదిలో ఆమెకిది ఆఖరి రోజు.

కంప్యూటరు రోగుల వివరాలను విభాగం, వార్డు, మంచం అంటూ కొమ్మలు కొమ్మలుగా దాస్తుంది. చోటు కలిసిరావాలని ఒక్కో కొమ్మకు ఒక పొట్టి గుర్తు పెట్టుకుంటుంది. వేరువేరు సంగతులకు ఒకే గుర్తు పడుతుంటుంది. అందుకని ఏదైనా జాబితా అడిగితే, అందులో ఉండాల్సినవాళ్లను వదలదు, కానివాళ్లనూ వెంటేసుకొస్తుంది. అసలు ఫైలు తెరిచి, కానివాళ్లను తీసేయడం అక్క పని. చాదస్తం అన్న పేరు వచ్చింది అందుకే.

ఇకమీదట ఫైళ్లు తెరవొద్దని కొత్త అధికారి పొద్దున్నే కాగితం పంపాడు. ఆ రోజు ఆపరేషన్లున్నవాళ్లలో మత్తుమందు పడనివాళ్లెవరని అడిగితే కంప్యూటరు ఏడుగురిని చూపింది. ఏడు ఆపరేషన్లూ ఆగిపోయాయి.

అందులో ఒకామె బట్టలు కుట్టుకు బతికే మనిషి. కాలికి చీము పట్టింది. ఆమె తమ్ముడు రికార్డు గది కిటికీ దగ్గరకొచ్చాడు.

"మా అక్కకి మందు పడకపోవడమేంటండీ? పోయినేడు ఇక్కడే మత్తిచ్చి కోశారు. ఇవాళ కోయకపోతే కాలు తీసేయాల్సొస్తుందంటున్నారు."

"కూర్చో నాయనా, చూస్తా," అని నిచ్చెనెక్కింది అక్క.

ఫైల్లో ఉన్నది వేరు. ఆమెకు పడనిది గాయానికి అంటించే పట్టీ; కంప్యూటర్లో రెంటికీ గుర్తు ఒకటే. అక్కకు ఒళ్లు మండిపోయింది. ఫైలు చంకన పెట్టుకుని రెండంతస్తులూ ఎక్కి, సర్జను చేతిలో పెట్టింది. ఆయన పేజీ చదివి, ఆమెను లోపలికి తీసుకెళ్లమన్నాడు.

కిందకొచ్చేసరికి అధికారి గుమ్మంలో ఉన్నాడు.

"వద్దన్నాక ఎందుకు తెరిచారు? ఒకరిని ఎక్కువ ఆపితే ఎవరి ప్రాణమూ పోదు కదా."

"కాలు పోతుంది సార్. నడిచేవాళ్లకి తెలుస్తుంది ఆ తేడా."

"సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్లిపోండి."

"వెళ్తా. మిగతా ఆరూ చూసి వెళ్తా."

ఆయన విసుగ్గా భోజనానికి వెళ్లిపోయాడు. అక్క ఒక్కో ఫైలూ దించింది. నిజంగా మత్తు పడనివాళ్లు ముగ్గురే. మిగిలిన ముగ్గురి పేర్లూ సర్జనుకు ఫోనులో చెప్పి, సంచీ భుజానికి తగిలించుకుని, ఎవరికీ చెప్పకుండా గేటు దాటింది.

అధికారి తిరిగొచ్చేసరికి బల్ల నిండా ఆరు ఫైళ్లు, ఒక్కోటీ చూడాల్సిన పేజీ దగ్గర తెరిచి ఉన్నాయి. ఆరోదాని మీద, గాలికి పేజీ తిరగకుండా, అక్క చత్వారం కళ్లజోడు ఉంది.