చుక్కల సొరను పట్టి వదిలిన వల

నేను ఒక పెద్దవలను. గొప్ప కోసం చెప్పుకోవడం లేదండీ, మా రకానికి పేరే అది. తాడు కొస ఒకటి ఒడ్డున ఉంచి, పడవలో నన్ను వేసుకెళ్ళి, సముద్రంలో అర్ధచంద్రాకారంలో తిప్పి, రెండో కొసను మళ్ళీ ఒడ్డుకు తెస్తారు. అప్పుడు ఇటు ఇరవైమంది, అటు ఇరవైమంది కలిసి లాగుతారు. నలభైమంది లాగితే గానీ ఒడ్డెక్కని దాన్ని. నాలుగుసార్లు పిలిస్తే గానీ అన్నానికి లేవని మనుషుల్ని చాలామందిని చూశాను గనుక ఇందులో నాకు సిగ్గేమీ లేదు.

నా దారం ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టింది. ఆ సంగతి నాకు గుర్తు లేదు, గుర్తుంచుకోదగ్గదీ కాదు. నేను వలనైంది మాత్రం భీమిలికి ఎగువన ఒక జాలరిపేటలో, మైలపల్లి మసేనయ్య ఇంటి వసారాలో. అతనూ భార్య బండెమ్మా మూడు నెలలు కూర్చుని ముక్క ముక్క కలిపి కుట్టారు నన్ను. నడుమ చేపలు చేరే సంచి కుట్టారు. పై అంచుకు తేలడానికి బెండ్లు కట్టారు, కింది అంచుకు మునగడానికి సీసపు గుండ్లు కట్టారు. ఒకే ఒంటికి రెండు బుద్ధులు! మనుషులు కదా, తమకున్నదే నాకూ పెట్టారు. మొదటిసారి నీళ్ళలో దించే రోజున పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మసేనయ్య "గంగమ్మ తల్లీ, సంచి సిరిగిపోయేంత ఇయ్యే" అని మొక్కాడు. బండెమ్మ పక్కనుంచి "సిరిగితే కుట్టేది నానే తల్లీ, సరిపడా ఇయ్యి సాలు" అని సవరించింది.

నేనూ ఒకరి చేతిలో తయారైన దాన్నే కాబట్టి పనితనం ఎవరిదైనా నాకు ఇట్టే తెలుస్తుంది. మసేనయ్య ముడులు గట్టివే. అయినా ఏడాదికి రెండుసార్లు ఇసుకలో పరిచి నన్ను బాగుచేయక తప్పదు. సముద్రంలో చూసిన పనితనం వేరు. రెండు కళ్ళూ ఒకే పక్కన పెట్టుకుని ఇసుకకు అతుక్కుపోయే చేపను చూశాను. పుట్టినప్పుడు దానికీ అటొకటి ఇటొకటే ఉంటాయట, పెరిగేకొద్దీ ఒక కన్ను నెమ్మదిగా నడుచుకుంటూ రెండోదాని పక్కకు చేరుతుందట. ఎవరికండీ వచ్చింది ఈ ఆలోచన! గుర్రం మొహం చేపల్లో కడుపు మోసేది మగది. ఈ సంగతి బండెమ్మ పేటలో ఆడవాళ్ళందరికీ చెప్పి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఎముక లేకుండా, గుండె లేకుండా, ఒళ్ళంతా నీళ్ళతోనే బతికేసే గొడుగుల్లాంటి జీవాలు నాకు తగిలాయి. ఒకసారి ఎనిమిది చేతుల జీవి ఒకటి నా మీద పాకుతూ నా దారం రంగులోకి మారిపోయింది. నేను ఎక్కడ అయిపోయానో అది ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు! ఇన్ని జీవాలను చేసినవాడి చేతికి ఎక్కడా ఒక్క తప్పుముడి పడలేదు. నేను గుళ్ళోకీ వెళ్ళలేదు, చర్చిలోకీ వెళ్ళలేదు. కానీ దేవుడున్నాడా అని ఎవరైనా అడిగితే మాత్రం నాకు నవ్వొస్తుంది. నాతోపాటు ఒక్క పూట మునగండి, తరవాత మాట్లాడుకుందాం.

ఇక అసలు కథ. పెద్దవల వేయాలంటే బలం ఒక్కటే చాలదు. చేపల గుంపు ఎక్కడుందో చూసి చెప్పేవాడు కావాలి. మా పేట పక్కన ఎత్తయిన ఇసుకదిబ్బ ఉంది. దాని మీద నిలబడి నీళ్ళ రంగు చూసి, పిట్టలు ఎక్కడ దిగుతున్నాయో చూసి, తువ్వాలు ఊపుతూ కేకవేస్తే పడవ అటు వెళుతుంది. ఇరవయ్యేళ్ళుగా ఆ దిబ్బ మసేనయ్యది. పేటలో పెళ్ళిపిలుపులు కూడా ముందు అతనికే. దిబ్బ దిగితే తానింక ఎవరికీ అక్కర్లేదని అతని భయం. మూడుసార్లు కేక తప్పితే దిబ్బ ఇంకొకరిదవుతుందని పేట కట్టుబాటు. అప్పటికి రెండుసార్లు తప్పింది.

తప్పక ఏం చేస్తుంది! అతని కళ్ళకు పొరలు కమ్మాయి. పది అడుగుల దూరంలో మనిషి మొహం ఆనదు. ఈ రహస్యం తెలిసింది ముగ్గురికే: అతనికి, బండెమ్మకు, నాకు. ఎలాగంటే, రెండోసారి కేక తప్పిన మర్నాటి నుంచీ బండెమ్మ బాగుచేసే నెపం పెట్టి నాలోంచి విప్పిన ఒక పాత ముక్కను దిబ్బ మీదికి ఈడ్చుకొచ్చి అతని వెనకే కూర్చునేది. చేతిలో సూది, కళ్ళు సముద్రం మీద. "దచ్చినంగా నల్లబడింది మావా... పిట్టలు దిగినాయి... ఇప్పుడు కెయ్యి" అని గొణిగేది. అతను తువ్వాలు ఊపి కేక పెట్టేవాడు. వెనకాల పెళ్ళాం గొణుక్కోవడం ఎవరికైనా వింతా? ఆరు నెలల్లో ఒక్క కేకా తప్పలేదు. మసేనయ్య చూపు ముదిరేకొద్దీ పదునెక్కుతోందని పేటంతా చెప్పుకుంది. అది విని అతను మీసం కూడా దువ్వాడు! బండెమ్మ నన్ను కుడుతూ సూది కాస్త గట్టిగా గుచ్చింది.

అంతా బాగానే ఉండును, ఒకరోజు చుట్టాల ముందు మసేనయ్య నోరు జారకపోతే. "పులుసంటే మా వదినే కాయాల" అన్నాడు. వదిన అంటే బండెమ్మ సొంత అక్క. అంతే, బండెమ్మ మాటలు మానేసింది. అన్నం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, నోరు మాత్రం విప్పదు. మూడోరోజు అలవాటు కొద్దీ దిబ్బ మీదికొచ్చి కూర్చుంది గానీ పెదవులు బిగబట్టింది.

దూరంగా నీళ్ళు నల్లగా మసకేశాయి. ఆ మాత్రం అతనికీ ఆనింది. వెనకనుంచి గొణుగుడు వస్తుందేమోనని ఎదురు చూశాడు. రాలేదు. కిందనుంచి బండెమ్మ తమ్ముడు ఎర్రన్న "ఏటి బావా, దింపమంతావా?" అని అరిచాడు. ఇంకోసారి అరిచాడు. మసేనయ్యకు పౌరుషం వచ్చేసి "కవ్వలురా! దింపండి!" అని తువ్వాలు ఊపాడు. ఆ నలుపు మీద ఒక్క పిట్ట కూడా లేదు. కవ్వలంటే గుంపులుగా తిరిగే చిన్న చేపలు, అవి ఉంటే పిట్టలు లేకపోవడమేమిటి? బండెమ్మ చూసింది, నోరు తెరిచింది. అప్పటికే పడవ కదిలిపోయింది.

నేను చుట్టూ తిరిగి దిగాను. ఒడ్డునుంచి లాగడం మొదలైంది. బరువు! నా జన్మలో అంత బరువు ఎరగను. ఒడ్డున పాటలు, ఈలలు. నాకు మాత్రం లోపలున్నదేమిటో తెలిసిపోయింది. కవ్వలు కావు. పడవంత పొడుగు సొర. నల్లటి వీపు నిండా తెల్లటి చుక్కలు, వాకిట్లో ముగ్గు కోసం పెట్టినట్టు వరసగా ఉన్నాయి. నోరు చూస్తే గుమ్మమంత, తినేది చూస్తే కంటికి ఆననంత నలుసులు. పాపం, దానికి కోపం కూడా రాదు. నా పైతాడు దాని మొప్పల పక్కన బిగుసుకుపోయింది. అది ఊపిరి కోసం కదిలిన కొద్దీ ఇంకా బిగుస్తోంది. బిగించేది నేనే, విడిపించుకోలేకపోయేదీ నేనే. ఆ క్షణంలో నామీద నాకే అసహ్యం వేసింది.

"ఓర్నాయనో! ఇవేటి కవ్వలు బావా?" అని ఎర్రన్న తల పట్టుకున్నాడు. మసేనయ్య దిబ్బ దిగి పరిగెత్తుకొచ్చాడు, వెనకే బండెమ్మ. కోసి వదలాలని అందరూ అన్నారు. కానీ మా పేటలో ఒకరి వల మీద ఇంకొకరు కత్తి పెట్టరు. కట్టినవాడే కోయాలి. మసేనయ్య కత్తి తీసుకుని గుండెల లోతు నీళ్ళలోకి దిగి నన్ను తడిమాడు. ఏ ముక్క ఎక్కడ కుట్టాడో అతని వేళ్ళకు తెలుసు. తెలియనిదల్లా చేప తల ఎటుందో, మొప్ప ఎక్కడుందో. తప్పు చోట కోస్తే కత్తి దాని మీదే దిగుతుంది. తనకు ఆనడం లేదని నోరు విప్పి చెబితే ఇరవయ్యేళ్ళ దిబ్బ అక్కడితో సరి. కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చేప ఒక్కసారి బరువుగా కదిలింది. ఆ కదలిక అతని అరచేతికి తగిలింది.

"ఒలే బండీ!" అని గట్టిగా పిలిచాడు, పేటంతా వినేలా. "నాకానట్లేదే. తల ఎటేపున్నాదో సెప్పే!"

బండెమ్మ చీరతోనే నీళ్ళలోకి దూకింది. "నీ ఎడమేపు మావా! ఇంకా ముందుకి... అదే మొప్ప, దాన్ని ముట్టుకోకు! జానెడు పైన తాడున్నాది సూడు, అదే! కొయ్యి!" అంటూనే ఏడ్చేసింది. "నా నోరు పడిపోను, పిట్టల్లేవని ముందే సెప్పకపోయినాను!"

కోశాడు. కుట్టు వెంట బారుగా చీలిపోయాను. నొప్పి సంగతి అడగకండి, అంత హాయి నేను ఎరగను. చుక్కల వీపు నాలోంచి నెమ్మదిగా జారింది. తోక ఒక్కసారి ఊపి, మసేనయ్యను నీళ్ళలో కూలేసి, లోతుకు వెళ్ళిపోయింది. జనం చేతులెత్తి దండం పెట్టారు.

ఎర్రన్న అక్క కేసి తిరిగాడు. "అయితే ఇన్నాళ్ళూ దిబ్బ మీంచి సెప్పింది మా అప్పేనా?" బండెమ్మ తల వంచుకుంది. మసేనయ్య తల ఎత్తి "దాని కళ్ళు, నా గొంతు" అన్నాడు. ఒక ముసలమ్మ కిసుక్కుమంది, ఆ నవ్వు తాడు పొడుగునా పాకి పేటంతా అంటుకుంది. మర్నాటి నుంచి బండెమ్మ దిబ్బ మీద నిలబడి తనే కేక పెట్టింది. మసేనయ్య వసారాలో కూర్చుని నన్ను కుట్టాడు. రాత్రుళ్ళు అన్నం సగంలో వదిలేసేవాడు. నాకు బాధేసేది.

ఎండాకాలంలో వేట ఆగిన రోజుల్లో కంటి శిబిరం పెడితే మసేనయ్యకు ఆపరేషన్ చేయించారు. నల్లద్దాలు తీసిన నెలకు వేట మళ్ళీ మొదలైంది. "బావా, నీ దిబ్బ నీకే" అన్నాడు ఎర్రన్న. బండెమ్మ తువ్వాలు అందించింది. మసేనయ్య దాన్ని అందుకుని దిబ్బెక్కాడు, కాసేపు సముద్రం కేసి చూశాడు, దిగొచ్చి తువ్వాలు ఆమె చేతిలోనే పెట్టాడు.

"ఆర్నెల్లు గొణిగినావు, ఇంక తనివితీరా అరుసుకో" అన్నాడు. వెళ్ళి తాడు చివర, అందరికన్నా వెనక నిలబడ్డాడు.

నేను పడవలో సిద్ధంగా ఉన్నాను. పిట్టలు దిగాయి. దిబ్బ మీద బండెమ్మ కొంగు బిగించి, తువ్వాలు గిరగిరా తిప్పి, గాలిని చీల్చుకుంటూ కేక పెట్టింది. మసేనయ్య సముద్రానికి వీపు పెట్టి ఆమె కేసే చూస్తున్నాడు. ఎన్నేళ్ళయిందో ఆ మనిషిని అంత దూరంనుంచి, అంత స్పష్టంగా చూసి. చేతిలో తాడు సంగతే మరిచిపోయాడు.

"ఏం సేసినాడ్రా దేవుడు!" అన్నాడు.

కవ్వల గుంపును చూసి అన్నాడనుకుని తాడు పట్టుకున్నవాళ్ళంతా సముద్రం కేసి తిరిగారు. అతను మాత్రం దిబ్బ మీంచి చూపు తిప్పలేదు.