లక్ష్ముడి వల

కళింగపట్నానికి కాస్త దిగువన, సముద్రానికీ సరుగుడు తోటలకీ మధ్య ఉన్న ఆ పాలెంలో ఎవడైనా కోతలు కోస్తే "అబద్ధం" అనరు. "లక్ష్ముడి వలరా అది" అంటారు. పడవ మునిగేంత చేపలు పడ్డాయని ఫోన్ చేసి, తీరా ఖాళీ బుట్టతో ఒడ్డుకొచ్చినవాడిది లక్ష్ముడి వల. పెళ్ళికొడుకు ఆరడుగులుంటాడన్న పెళ్ళిళ్ళ పేరయ్యది లక్ష్ముడి వల. నిన్నగాక మొన్న మాటలొచ్చిన పిల్లలు కూడా ఆ మాట అనేస్తుంటారు. ఆ లక్ష్ముడెవడో వాళ్ళకి తెలీదు.

మరిడమ్మకి తెలుసు. ఆవిడ మొగుడే.

లక్ష్ముడు ఒకప్పుడు గ్రీసు దేశపు సరుకుల ఓడలో వంటవాడు. ఓడ మరమ్మతుకొచ్చి వోలోస్ అనే రేవులో చాలాకాలం ఆగిపోతే, ఆ ఓడ కెప్టెన్ పండక్కి తన ఊరు పోతూ, చేపల పులుసు బాగా వండే ఈ తెలుగువాణ్ణి కూడా వెంటబెట్టుకు వెళ్ళాడు. అక్కడ చూసిన వింత లక్ష్ముడు ఇంటికొచ్చాక కడుపులో దాచుకోలేకపోయాడు. తీరంలో వలలు బాగుచేసుకునే పాకలో పదిమందీ ఉండగా చెప్పాడు.

"కొండంటే మన సాలిహుండం కొండనాగ కాదురా. రాయి నిలువునా ఆకాశంలోకి ఎలిపోనాది. దాని నెత్తి మీద మఠం. పూర్వం మెట్లు నేవంట. సాధువుల్ని వలలో కూకోబెట్టి, పైనుంచి తాడుతో లాగీసీవోరంట. ఆ వల నాను సూసేను."

అప్పుడు అప్పలసూరి నవ్వాడు. నాలుగు పడవలున్నవాడు, కులపెద్ద, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

"మనుసుల్ని వలేసి పడతాడేటిరా దేవుడు? మరి కేజీ ఎంతకి అమ్ముతాడో అడిగేవా?"

అంతే. పాక పాకంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి లక్ష్ముడి పేరు ఊళ్ళో అబద్ధానికి మారుపేరైంది. లోకుల నోటికి మూకుడు పెట్టగలమా? కూతురు అనిత బళ్ళో ఎగతాళి పాలైంది. లక్ష్ముడు మొదట్లో వాదించాడు, తర్వాత కోప్పడ్డాడు, ఆఖరికి గ్రీసు సంగతే ఎత్తడం మానేశాడు. అలా మానేసిన మనిషి మానేసినట్టే పోయాడు. పోయిన పదోరోజున, భోజనాల దగ్గర, ఎవడో ఎవడితోనో వంజరం చేప పొడవు గురించి గొప్పలు పోతుంటే, పక్కవాడు అలవాటు కొద్దీ అనేశాడు: "ఒరే, లక్ష్ముడి వలొద్దు."

వడ్డిస్తున్న మరిడమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

అనిత ఒకసారి ఫోన్లో ఆ కొండా ఆ వలా బొమ్మలు వెతికి తీసుకెళ్ళి అప్పలసూరికి చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. "ఇప్పుడు ఫోన్లో ఏనుగు కూడా ఎగురుతాదే గుంటా. మొన్న మా మనవడు నాను సింహం మీద కూకున్న ఫొటో సేసీసినాడు" అన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. ఆయన్ని బొమ్మలతో నమ్మించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని మరిడమ్మకి ఆ రోజే తెలిసిపోయింది. ఆయన కళ్ళతో ఆయనే చూడాలి. ఆయన నోటితో ఆయనే చెప్పాలి. లక్ష్ముడి పేరు బాగుపడ్డానికి ఇంకో దారి లేదు.

మరిడమ్మది ఎండుచేపల వ్యాపారం. రాజాం సంతకి వారం వారం వెళ్తుంది. అక్కడ బజార్లో తులసి అనే అమ్మాయి యాత్రల ఆఫీసు నడుపుతుంది. కాశీకీ, పూరీకీ, నేపాలుకీ బస్సులు వేసి, వెంట వంటవాణ్ణి, బియ్యం బస్తాల్ని తీసుకుపోయే తులసి, ఆ ఏడు మొదటిసారి విమానం యాత్ర పెట్టింది. ఆఫీసు గోడకి అంటించిన కాగితం మీద బొమ్మ చూసి మరిడమ్మ గంప దించేసింది.

"ఈ రాయి ఏ ఊర్లో ఉన్నాదమ్మా?"

"గ్రీసులో పిన్నీ. థెస్సలీ అని పాతకాలం నాటి సీమ. అందులో మెటియోరా."

"నాను వస్తాను. ఇంకో మాట. మా అప్పలసూరి బావకి నాను ఎల్తన్నానని ఎవురైనా సెప్పీలాగ సెయ్యి."

తులసికి అర్థం కాలేదు కానీ కబురు చేరేసింది. పాలెం నుంచి ఒక ఆడమనిషి తనకంటే ముందు విమానం ఎక్కేస్తుంటే అప్పలసూరి నేల మీద ఉంటాడా? మర్నాటికల్లా ఆయన రాజాం వచ్చి తన పేరు రాయించేసుకున్నాడు. మరిడమ్మ వేసిన మొదటి వల అది, చేప దానంతటదే వచ్చి పడింది.

థెస్సలీ యాత్ర బాగానే సాగింది, మనవాళ్ళు సాగనిచ్చినంత మేరకు. లరిస్సా ఊరి నడిబొడ్డున ఉన్న పురాతన నాటకశాల చూపించి, రాతి మెట్ల మీద కూర్చుని జనం నాటకాలు చూసేవారని తులసి చెబితే, అప్పలసూరి ఆ రాయి తడిమి, "దిండేసుకోకుండా ఎలాగ కూకున్నారో పాపం" అన్నాడు. టెంపీ లోయలో రెండు కొండల మధ్య నది పక్కన చిన్న చర్చీ, దాని దగ్గర నీటి ఊట ఉన్నాయి. ఆడవాళ్ళంతా ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుని సీసాల్లో నింపుకున్నారు. పీలియన్ కొండ మీది పల్లెల్లో రాతిపలకల కప్పులు, పెద్ద పెద్ద చెట్ల నీడన కాఫీ కొట్లు. రాజాం రైతు ఎర్రన్న మాత్రం వాటిలో దేన్నీ సరిగ్గా చూడలేదు. ఆయన బస్సు అద్దానికి ముక్కు ఆనించి థెస్సలీ మైదానం చూశాడు. "తాయారూ, పత్తే! మన పత్తేనే!" అని పెళ్ళాన్ని నిద్దర్లేపాడు. తర్వాత రెండు రోజులూ ఆయన గ్రీసు రైతుల నీటి గొట్టాల గురించే మాట్లాడాడు.

వోలోస్ రేవులో మరిడమ్మ గుంపులోంచి విడిపోయింది. కట్టి ఉన్న ఓడల్ని ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ గట్టు చివరిదాకా నడిచి వెళ్ళింది. ఇక్కడే తిరిగుంటాడు, ఇక్కడే ఏదో ఒక గోడ మీద కూర్చుని బీడీ కాల్చుకుని ఉంటాడు అనుకుంది. కళ్ళు తుడుచుకుని వచ్చి బస్సెక్కింది.

మెటియోరా చూసే రోజు రానే వచ్చింది. కలంబాకా ఊరు దాటి బస్సు మలుపు తిరగ్గానే అందరూ కిటికీల వైపు ఒరిగారు. రాళ్ళు. ఒకదాని పక్కన ఒకటి, నిలువునా, నున్నగా, ఆకాశంలోకి. వాటి నెత్తిన ఎర్రపెంకుల మఠాలు. లక్ష్ముడు చెప్పింది చెప్పినట్టే ఉంది. మరిడమ్మ ఓరకంటితో అప్పలసూరిని చూసింది. ఆయన మీసం దువ్వుకుంటూ, "రాళ్ళు సరే. వల ఏదే?" అన్నాడు.

తులసి అందరినీ సెయింట్ స్టీఫెన్ మఠానికే తీసుకెళ్ళింది. దానికి మెట్లు లేవు, చిన్న వంతెన దాటితే చాలు, పెద్దవాళ్ళకి సుఖం. అందరూ చూశారు, దండాలు పెట్టారు. మరిడమ్మ ప్రతి మూలా వెతికింది. వల లేదు.

"తులసమ్మా, వల ఎక్కడున్నాది?"

తులసి డ్రైవర్ని అడిగింది. అతను దూరంగా మరో రాయి చూపించాడు. వర్లామ్ మఠం. వల అక్కడి బురుజులో ఉంది. దానికి కొండలో తొలిచిన మెట్లెక్కాలి.

బస్సు వర్లామ్ కింద ఆగింది. మెట్లు చూడగానే అప్పలసూరి రోడ్డు పక్క గోడ మీద కూలబడ్డాడు. "నా మోకాళ్ళు ఈటికి పనికిరావు. మీరెల్లి రండి."

మరిడమ్మ మెట్ల వైపూ ఆయన వైపూ చూసింది. దేశాలు దాటించి, మేఘాల మీదుగా ఇంత దూరం లాక్కొచ్చిన చేప గట్టు దగ్గర జారిపోతోంది. తను ఒక్కతే పైకెళ్ళి వంద వలలు చూసినా ఊళ్ళో పైసా విలువ ఉండదు. లక్ష్ముడి పెళ్ళాం లక్ష్ముడి మాటే అంటుంది కదా అంటారు. ఆవిడ కొంగు నడుముకి బిగించింది.

"సరే బావా, నువ్వు కూకో. ఊర్లో అడిగితే ఏటి సెప్పాలో అది సెప్పుతాను."

"ఏటి సెప్తావు?"

"మరిడమ్మ ఎక్కింది, తాయారమ్మ ఎక్కింది, అప్పలసూరి మాత్తరం కింద కూకుని సెప్పులు కాపలా కాసేడని."

ఎర్రన్న కిసుక్కున నవ్వాడు. అప్పలసూరి ముఖం కందగడ్డ అయింది. "ఎవుడే సెప్పులు కాసీవోడు? తుపాను కెరటం మీద పడవ నిలబెట్టినోణ్ణి నాను!" అంటూ లేచాడు.

"మరి లెగు. కెరటం కంటే ఎత్తేటి ఇది?"

ఎక్కారు. మన ఆడవాళ్ళు మెట్లు కనబడగానే అలవాటుగా చెప్పులు విప్పేసి, మొదటి మెట్టు కళ్ళకద్దుకున్నారు, సింహాచలం ఎక్కినట్టే. దిగి వస్తున్న తెల్లవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. సగం దారిలో అప్పలసూరి ఆయాసపడుతూ ఆగిపోతే, మరిడమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు. ఆవిడకి మాత్రం మెట్టు మెట్టుకీ భయం పెరుగుతోంది. ఆ వల తీసేసి ఉంటే? చివికిపోయిందని ఎక్కడో మూలన పారేసి ఉంటే?

బురుజులోకి అడుగుపెట్టారు. మసకవెలుతురు. పెద్ద కర్ర ఇరుసు, దానికి చుట్టిన మోకు, నేల అంచున కిందికి తెరుచుకున్న ఖాళీ, బయట లోయ. ఇరుసు పక్కన కొక్కేనికి వేలాడుతూ, లావుపాటి తాళ్ళతో అల్లిన పెద్ద వల.

అప్పలసూరి నోరు తెరిచి, వల కింది నుంచి పై దాకా చూశాడు. మళ్ళీ పై నుంచి కింది దాకా చూశాడు.

"వలే," అన్నాడు చివరికి, తనలో తాను. "నిజంగా వలే."

మరిడమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "సూసేవా బావా? సూసేవా?" అంటూ ఆయన భుజం మీద కొట్టింది. కులపెద్ద మీద చెయ్యి వేసిన ఆడది ఆ పాలెంలో అంతకుముందు లేదు.

ఆవిడ రొండిన దోపుకున్న పొట్లం బయటికొచ్చింది. ఊరి అమ్మవారి దగ్గర పెట్టి తెచ్చిన పసుపూ కుంకుమా. కొత్త వల సముద్రంలో వేసేముందు దానికి బొట్టు పెట్టడం వాళ్ళ ఆచారం. ఆ పని కులపెద్దది, లేదా ముత్తైదువులది. మొగుడు పోయిన ఆడది ఆ దరిదాపులకి రాకూడదు. అందుకే మరిడమ్మ పొట్లాన్ని అప్పలసూరి చేతికి ఇచ్చింది. "నువ్వే ఎట్టు బావా."

ఆయన పొట్లం పట్టుకుని అడ్డంగా కట్టిన తాడు దాటబోయాడు. అంతే, వెనక నుంచి కేక. నల్ల అంగీ, తెల్ల గడ్డం, ఒక సన్యాసి చేతులు ఊపుతూ పరుగున వచ్చాడు. వస్తువులు ముట్టుకోకూడదు! తులసి మధ్యలోకి దూరింది. వీళ్ళు వలల మీద బతికేవాళ్ళనీ, వలని కొలుస్తారనీ, ఈవిడ భర్త ఈ వలని చూశానని చెప్పి జీవితాంతం అబద్ధాలకోరు అనిపించుకున్నాడనీ ఇంగ్లీషులో గబగబా చెప్పింది. సన్యాసి మరిడమ్మ తడికళ్ళ వంక చూశాడు. గడ్డం నిమురుకున్నాడు. "పూర్వం ఈ తాడు ఎప్పుడు మారుస్తారని ఎవరైనా అడిగితే, దేవుడు తెంపినప్పుడు అని మా పెద్దలు చెప్పేవారు" అన్నాడు. తులసి అది తెలుగులో చెప్పింది.

"దేవుడు తెంపినప్పుడా!" మరిడమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "అయితే నా మొగుడు ఆ వల ఎక్కకపోడమే మంచిదైంది. దూరం నుంచి సూసొచ్చీసినాడు."

తులసి అది మళ్ళీ ఇంగ్లీషులో చెప్పేసరికి ఆ సన్యాసి ఫక్కున నవ్వేశాడు. వల ముట్టుకోవద్దు కానీ, ఇదిగో ఈ ఇరుసు కర్రకి ఒక్క బొట్టు పెట్టుకోమని, అడ్డుతాడు తనే తీసి పక్కకి జరిగాడు.

అప్పలసూరి ముందుకి నడిచాడు. రెండడుగులు వేసి ఆగాడు. పొట్లం వంక చూసి, వెనక్కి తిరిగి మరిడమ్మ చేతిలో పెట్టాడు.

"నువ్వే ఎట్టు."

"బావా, నాను..."

"పెద్దని నాను సెప్తన్నాను. ఎట్టు."

పాలెంలో అయితే నలుగురూ నోళ్ళు నొక్కుకునేవారే. ఇక్కడ తాయారు కళ్ళొత్తుకుంది, ఎర్రన్న చేతులు జోడించాడు. మరిడమ్మ ఆ పాత కర్రకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టింది. అప్పలసూరి గొంతు సవరించుకుని, పని అయిపోయినట్టే మెట్లవైపు తిరిగాడు.

"ఆగు బావా," అంది మరిడమ్మ. గొంతులో ఏడుపు లేదు. "బొట్టుతో సరిపోదు. నువ్వు నవ్వింది ఇక్కడ కాదు, వలల పాకలో. అక్కడే సెప్పాల."

అప్పలసూరి ఆవిడ కళ్ళలోకి చూశాడు. తప్పించుకునే దారి లేదని అర్థమైంది. జేబులోంచి ఫోన్ తీసి వీడియో కాల్ చేశాడు. అటువైపు పాకలో మధ్యాహ్నం వలలు అల్లుకుంటున్న జనం, "పెద్దాయన ఫోన్ సేసేడు" అంటూ ఒకరి మీద ఒకరు పడి తెరలోకి తలలు దూర్చారు. అప్పలసూరి ఫోన్ని వలవైపు తిప్పాడు. ఇరుసు చూపించాడు, కిందున్న లోయ చూపించాడు. తర్వాత తనవైపు తిప్పుకున్నాడు.

"ఒరే, ఇది ఫోన్లో సేసిన బొమ్మ కాదు. మెట్లెక్కి నా కళ్ళతో సూసేను. లక్ష్ముడు సెప్పింది నిజం. నానే... తప్పుగా నవ్వీసినాను."

చివరి మాట గొంతులోనే ఉండిపోయింది. అవతల పాకలో గోలగోలగా ఉంది, ఎవరో ఏటన్నాడు ఏటన్నాడు అంటున్నారు. మరిడమ్మ ఆయన పక్కకి వచ్చి, తలెత్తి నిలబడి, ఫోన్ ఆయన నోటికి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"గట్టిగా సెప్పు బావా. యెనకనున్నోళ్ళకి ఇనిపించనేదు."