బాప్తిస్మం రిజిస్టరు

పప్పుశనగ చెట్లు పీకీ పీకీ గ్రేస్ అరచేతులు మండుతున్నాయి. ఎండ ముదిరితే కాయ రాలిపోతుందనీ, ఆలోగా చేను తేలకపోతే నాలుగొందల కూలిలో కోత తప్పదనీ రైతు పొద్దున్నే చెప్పి పోయాడు. అలాంటి వేళ మేరీ తన సాలు వదిలి ఆమె పక్కకొచ్చి కూర్చుంది.

"మే గ్రేసూ, ఆ పుస్తకంలో మా జేజినాయన పేరు తీసెయ్ మే. నా మనవడు కానిస్టేబులు పరీక్ష పాసయినాడు. సర్టిఫికెట్లు చూస్తాండారంట."

ఆదివారం నుంచి ఇలా అడిగినవాళ్లలో మేరీ అయిదో మనిషి.

పెద్దముడియం దగ్గరి ఆ పల్లెలో మెథడిస్టు గుడికి ఈ ఈస్టరుతో నూరేళ్లు నిండుతాయి. కూలికి పోయే ఆడవాళ్లలో ఇంటరు దాకా చదివింది గ్రేస్ ఒక్కతే. అందుకే పాస్టరు రవికుమార్ పాత బాప్తిస్మం రిజిస్టరు ఆమె చేతికిచ్చి, పండక్కి పుస్తకంగా అచ్చు వేయడానికి గుడి చరిత్ర రాయమన్నాడు. మొదటి పుటల్లో ఇరవై ఏడు ఇళ్లున్నాయి. పాత పేరు, కొత్త పేరు, కులం, చేసే పని. పని అన్నచోట అందరికీ ఒకటే మాట రాసి ఉంది: వెట్టి.

ముసలివాళ్లను అడిగేకొద్దీ ఆమెకు నిద్ర పట్టనివ్వని సంగతులు తెలిశాయి. మిషను నడిపిన తెల్లదొర డబ్బిచ్చింది పైకప్పు దూలాలకే. రాళ్లు మోసింది మగవాళ్లు. గోడ కట్టేవాళ్లకు కూడు పెట్టడానికి ఆడవాళ్లు పూటకో పిడికెడు కొర్రలు పక్కన తీసిపెట్టారు. గుడి లేచిన ఏడే ఆ ఇరవై ఏడు ఇళ్లవాళ్లు ఆదివారం వెట్టికి రామన్నారు. దానికి ఊరు మూడు నెలలు బావి నీళ్లు ఆపింది. వాళ్లు వంకలో చెలమలు తవ్వుకుని ఉప్పునీళ్లు తాగారు గాని, మాట మార్చలేదు.

అంతా నోటుబుక్కులో రాసుకుంది గ్రేస్. ఇంతలో పక్క ఊళ్లో ఒక అంగన్‌వాడీ టీచరు మీద ఎవరో అర్జీ పెట్టారు. గుడికి పోయే మనిషి ఎస్సీ సర్టిఫికెట్టుతో ఉద్యోగం చేస్తోందని, బాప్తిస్మం కాగితం ఫోటో జత చేశారు. ఉద్యోగం ఆగిపోయింది. అప్పటినుంచి పల్లెకు భయం పట్టుకుంది. అచ్చయిన పుస్తకం కన్నా సాక్ష్యం ఇంకేం కావాలి? గుడికి పోతే ఎస్సీ కులం పోయిందంటుంది సర్కారు కాగితం. పోలేదని ఊరి నడుమ ఇల్లు బాడుగకు అడిగినప్పుడు తెలుస్తుంది.

గ్రేస్ కూతురు జీవిత ప్రొద్దుటూరులో నర్సింగు చదువుతోంది. అదీ ఎస్సీ సీటే.

సాయంత్రం భర్త పాలయ్య ఆమెను బండి మీద పాస్టరు ఇంటి దగ్గర దింపాడు. పాస్టరు అప్పటికే ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాడు. జనం పేర్లన్నీ తీసేసి, వెట్టి గొడవ వదిలేసి, దొర గుడి కట్టించిన సంగతి, పాస్టర్ల వరుస, కొత్త ఆర్చి కట్టించిన కాంట్రాక్టరు ఫోటో ఉంటే చాలన్నాడు. అందులో అబద్ధమేమీ లేదనీ, ఎవరి కడుపూ కొట్టినట్టు కాదనీ మెల్లగా చెప్పాడు. శుభ్రంగా రెండు పుటలు తిరగరాసిమ్మన్నాడు.

"నేను రాయలేనయ్యగారూ."

"పేర్లు అచ్చయితే నీ బిడ్డ సీటు గూడా పోతాదమ్మా."

"తెలుసు. పోతే పోనీ అనే ధైర్యం నాకు లేదు. ఒకరి కూడు చెడగొట్టే హక్కూ లేదు. అట్లని ఈ గుడి దొర కట్టినాడని నా చేత్తో రాయను."

అయితే ప్రొద్దుటూరులో ఇంకొకరి చేత రాయించుకుంటానని ఆయన రిజిస్టరు అడిగాడు. అది గుడిది కనక ఇచ్చేసింది. నోటుబుక్కు కోసం కూడా చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. అది తను కొనుక్కున్నదనీ, అందులోవి ముసలివాళ్లు తనను నమ్మి చెప్పిన మాటలనీ చెప్పి లేచింది.

బయట పాలయ్య బండి స్టార్టు చేసే పెట్టాడు. ఆమె ముఖం చూడకుండానే అడిగాడు.

"మన పెద్దోళ్ల పేర్లు కొట్టేసినావా?"

నోటుబుక్కును పొట్టకు ఆనించుకుని గ్రేస్ వెనక ఎక్కింది. కొట్టేయలేదని చెబితే ఆయనకు భయం. కొట్టేశానని చెబుదామంటే నోరు రావడం లేదు.

"బండి పోనీ," అంది.

ఆయన పోనివ్వలేదు. ఇంజను అలాగే కొట్టుకుంటోంది.